చిట్టా నుంచి ఆవర్జాకు: ఫోన్‌లోని హిసాబ్‌కు తాజా నకలు

'నకలు' మన ఇళ్లలో అందరికీ తెలిసిన మాటే. తహసీల్ కచేరీలో పహాణీ నకలు, కోర్టులో తీర్పు నకలు, కాలేజీలో మార్కుల మెమో నకలు. ఉర్దూలో ఇది 'నఖ్ల్', అరబీ నుంచి వచ్చింది. అరబీలో దీని మొదటి మత్లబ్ 'ఒక చోటి నుంచి మరో చోటికి మోసుకుపోవడం'. సామాను బండి మీద వేసుకుని ఇల్లు మారినా నఖ్లే, ఒక కితాబులోని రాత మరో కితాబులోకి దించినా నఖ్లే. తెలుగులోకి వచ్చేసరికి రెండో అర్థం ఒక్కటే మిగిలింది.

ఫోన్‌లో రాసుకున్న హిసాబ్‌ని బయటికి మోసుకురావడం గురించి ఇవాళ రాస్తున్నాను. ఇప్పటి పిల్లలు దీన్ని 'ఎక్స్‌పోర్ట్' అంటారు. దుకాణం ఉద్దెర ఖాతా, చిట్టీల లెక్క, మసీదు చందా, పెళ్లి ఖర్చులు, అన్నీ ఇప్పుడు ఏదో ఒక యాప్‌లో ఉంటున్నాయి. ఫోన్ మార్చేటప్పుడో, లెక్క ఇంకొకరికి అప్పజెప్పేటప్పుడో ఒక బటన్ నొక్కుతాం. ఫైలు వస్తుంది, తెరుచుకుంటుంది, పేర్లూ రూపాయలూ కనిపిస్తాయి. ఇత్మినాన్‌గా ఊపిరి పీల్చుకుంటాం.

కానీ ఆ ఫైలులో నిన్న సాయంత్రం రాసిన పద్దు ఉందా? ఈ సవాల్ చాలామంది అడగరు. అడగాల్సిన అవసరం ఎందుకు వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. ఈ కథలో రెండు అర్థాలూ పనికొస్తాయి.

రెండు కితాబుల తరీఖా

తెలుగు మీడియంలో ఇంటర్ కామర్స్ చదివినవాళ్లకు 'చిట్టా', 'ఆవర్జా' గుర్తుండే ఉంటాయి. చిట్టాలో లావాదేవీలు జరిగినవి జరిగినట్టు, తారీఖు వరుసలో రాస్తారు. ఆవర్జాలో ఎవరి ఖాతా వాళ్లకు విడిగా ఉంటుంది. చిట్టాలోని ప్రతి పద్దునూ తర్వాత ఆవర్జాలో దాని ఖాతా కింద ఎక్కించాలి. మన పాత సేట్ల దుకాణాల్లో గుమాస్తా పొద్దంతా చిట్టా రాసి, గిరాకీ తగ్గాక కూర్చుని ఆవర్జా ఎక్కించేది ఇందుకే.

ఈ ఆవర్జా అనే మాట ఎక్కడిది? పదో శతాబ్దం చివర్లో ముహమ్మద్ ఇబ్న్ అహ్మద్ అల్ ఖ్వారిజ్మీ అనే ఆయన 'మఫాతీహుల్ ఉలూమ్' అని ఒక కితాబ్ రాశాడు. ఆల్జీబ్రా రాసిన ఖ్వారిజ్మీ ఈయన కాదు. ఆయన అంతకు వంద సంవత్సరాలకు పైగా ముందటివాడు, 'అల్గారిథమ్' అన్న మాట ఆయన పేరు నుంచే వచ్చింది. ఈ రెండో ఖ్వారిజ్మీ సామానీల వజీర్ కోసం, కచేరీల్లో పనిచేసే కాతిబ్‌లకు పనికొచ్చేలా, అన్ని ఇల్మ్‌లకు సంబంధించిన మాటల అర్థాలు ఒకచోట చేర్చాడు. దివాన్‌లో వాడే దఫ్తర్ల గురించి చెబుతూ రెండు మాటలు వివరించాడు. ఒకటి రోజ్‌నామ్‌చా: ఆ రోజు జరిగింది ఆ రోజు రాసే కితాబ్. రెండోది అవారజ్: ఫార్సీ 'అవారా' నుంచి వచ్చింది, అర్థం 'మోసుకొచ్చినది'. ఒక్కొక్క మనిషి బాకీని అసలు పట్టీ నుంచి తెచ్చి ఇందులో రాస్తారు కాబట్టి ఆ పేరు అంటాడు.

ఆయన 'మోసుకొచ్చినది' అనడానికి వాడిన అరబీ మాట 'మన్‌ఖూల్'. నఖ్ల్ నుంచి పుట్టిన మాటే. అంటే మన తెలుగు గుమాస్తా నోట్లో నలిగిన ఆవర్జాకూ, తహసీల్ కచేరీ నకలుకూ లోపల ఒకటే అర్థం: ఒకచోట రాసినదాన్ని మరోచోటికి చేర్చడం.

తర్వాత 1363 ప్రాంతంలో మాజందరానీ అనే హిసాబ్‌దార్ ఇల్ఖానీల కాలపు లెక్కల పద్ధతి మీద 'రిసాలా ఎ ఫలకియ్యా' రాశాడు. అందులోనూ రోజ్‌నామ్‌చా, అవారజా పక్కపక్కనే ఉన్నాయి. 1494లో వెనిస్‌లో లూకా పాచోలీ అచ్చువేసిన గణిత గ్రంథంలో అక్కడి వ్యాపారుల మూడు పుస్తకాల పద్ధతి ఉంది: హడావిడిగా గీకే చిత్తు పుస్తకం, వరుసగా రాసే రోజువారీ పుస్తకం, ఖాతాల పుస్తకం. ఎవరి నుంచి ఎవరు నేర్చుకున్నారన్న బహస్‌లోకి నేను పోను. హిసాబ్ పెద్దదైన ప్రతిచోటా జనం ఒక్క కితాబుతో సరిపెట్టుకోలేదు. అంతవరకు ఖాయం.

కారణం సీదా. రాసేటప్పుడు తొందర. ముందు గిరాకీ నిలబడి ఉంటే ఫలానా ఆయన ఖాతా ఏ పేజీలో ఉందో వెతుక్కుంటూ కూర్చోలేం. అడిగేటప్పుడు ఇంకో తొందర. "నా బాకీ ఎంత భాయ్?" అని అడిగినప్పుడు మూడు నెలల చిట్టా తిరగేస్తూ కూర్చోలేం. అందుకే రాయడానికి ఒకటి, చూడటానికి ఒకటి.

ఈ తరీఖాకు ఒక ధర ఉంది. చిట్టాలో రాయడానికీ ఆవర్జాలో ఎక్కించడానికీ మధ్య కొంత వక్త్ ఉంటుంది. ఆ కాసేపు ఆవర్జా సహీగానే ఉంటుంది, తాజాగా మాత్రం ఉండదు. అందులో తప్పు అంకె ఒక్కటీ లేకపోవచ్చు, అయినా నిన్నటి మాటే చెబుతుంది. ఆ సమయంలో ఎవరైనా ఆవర్జాకు ఒక్కదానికే నకలు తీసుకుపోతే చేతిలో ఉండేది పాత హిసాబ్. భూమి కొన్నవాళ్లకు ఇది బాగా తెలుసు. రిజిస్ట్రేషన్ అయిపోయి, పేరు మార్పిడి ఇంకా పడని రోజుల్లో తీసిన పహాణీ నకలు మీద ముద్ర అసలైనదే, సంతకం అసలైనదే, పేరు మాత్రం పాత పట్టాదారుది.

యుద్ధ నౌక నుంచి జేబులోకి

ఇప్పుడు ఫోన్ దగ్గరికి వద్దాం. మన యాప్‌లలో చాలావాటి లోపల హిసాబ్ దాచే ఇంజన్ ఒకటే, దాని పేరు ఎస్‌క్యూలైట్. రాసినాయన అమెరికాకు చెందిన రిచర్డ్ హిప్. 2000 సంవత్సరంలో ఆయన జనరల్ డైనమిక్స్ కంపెనీ తరఫున అమెరికా నౌకాదళ యుద్ధ నౌక ఒకదానికి సాఫ్ట్‌వేర్ రాసే పనిలో ఉన్నాడు. నౌక దెబ్బతింటే ఏ గొట్టం మూసేయాలి, ఏ దారి మళ్లించాలి అని చెప్పే ప్రోగ్రామ్ అది. దాని డేటా వేరే డేటాబేస్ సర్వర్‌లో ఉండేది. సర్వర్ ఆగితే ఈ ప్రోగ్రామూ ఆగేది. మందలో ఎవరి మేక తప్పిపోయినా నింద కాపరి మీదికే వచ్చినట్టు, సర్వర్ ఆగినప్పుడల్లా జనం చూసేది ప్రోగ్రామ్ వైపే.

సర్వరే లేకుండా, ప్రోగ్రామ్ నేరుగా ఒక ఫైలులో రాసుకుని ఆ ఫైలులోంచే చదువుకుంటే ఏమవుతుంది అని హిప్ ఆలోచించాడు. 2000 ఆగస్టులో మొదటి వెర్షన్ వచ్చింది. 2001లో రెండోది, 2004లో మూడోది. ఇప్పటికీ ఆ మూడో వరుసే నడుస్తోంది. హిప్ దీన్ని ఎవరి మిల్కియత్ కాకుండా వదిలేశాడు. ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు, అడిగేవాడు లేడు. 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చినప్పటి నుంచీ ఇది ఫోన్ లోపలే ఉంది. ఐఫోన్‌లోనూ ఉంది. వాట్సాప్ మెసేజ్‌లు ఫోన్‌లో దాచేది ఇందులోనే, మన కాంటాక్టుల పేర్లు ఉండేదీ ఇందులోనే.

దీని పెద్ద సుఖం ఏమిటంటే మొత్తం హిసాబ్ ఒక్క ఫైలు. పట్టికలు, పేర్లు, తారీఖులు అన్నీ అందులోనే. కాబట్టి నకలు అంటే ఆ ఒక్క ఫైలును కాపీ చేయడం, అంతే. ఇంజనీర్లు అలాగే నేర్చుకున్నారు, అలాగే ఎక్స్‌పోర్ట్ బటన్లు రాశారు. చాలా ఏళ్లు అది సరిపోయింది కూడా.

పక్క పుస్తకం ఉల్టా అయిన రోజు

మొదటి పదేళ్లు ఎస్‌క్యూలైట్ లెక్క రాసే తరీఖా ఇలా ఉండేది. ఫైలులో ఒక పేజీ మార్చాలంటే, ముందు ఆ పేజీ పాత రూపాన్ని పక్కన ఒక చిన్న ఫైలులో దాచుకునేది. తర్వాత అసలు ఫైలులో కొత్తది రాసేది. పని ముకమ్మల్ అయ్యాక పక్క ఫైలు తీసేసేది. మధ్యలో బ్యాటరీ అయిపోతే, మళ్లీ తెరిచినప్పుడు పక్క ఫైలులోని పాత పేజీని తెచ్చి యథాస్థానంలో పెట్టేది. అంటే పాతది పక్కన, తాజాది అసలులో. యాప్ ఏమీ రాయని వేళ అసలు ఫైలును కాపీ చేస్తే అన్నీ దొరికేవి.

2010 జులైలో 3.7.0 వెర్షన్‌తో ఇంకో తరీఖా వచ్చింది. ఇంగ్లీషులో 'రైట్ అహెడ్ లాగ్', పొట్టిగా 'వాల్'. ఇందులో అంతా ఉల్టా. కొత్త మార్పులు పక్క ఫైలులో వరుసగా చేరుతాయి. అసలు ఫైలును అప్పటికి ముట్టుకోదు. చదివేవాళ్లకు ఇంజన్ రెండూ కలిపి చూపిస్తుంది: పక్క ఫైలులో ఆ పేజీ ఉంటే అక్కడి నుంచి, లేకపోతే అసలు నుంచి. వీలైనప్పుడు పక్క ఫైలులోని పేజీలను అసలులోకి ఎక్కిస్తుంది. దానికి 'చెక్‌పాయింట్' అని పేరు. మన మాటల్లో చెప్పాలంటే పక్క ఫైలు చిట్టా, అసలు ఫైలు ఆవర్జా, చెక్‌పాయింట్ అంటే గిరాకీ తగ్గాక గుమాస్తా కూర్చుని ఎక్కించడం.

ఈ ఆలోచన హిప్‌తో మొదలు కాలేదు. అసలు దఫ్తర్‌లో చేయి పెట్టే ముందు మార్పును లాగ్‌లో రాసి భద్రం చేయాలన్న ఉసూల్ పెద్ద కంప్యూటర్ల డేటాబేస్‌లలో 1970ల నుంచే ఉంది. ఐబీఎంలో జిమ్ గ్రే, ఆయన సాథీలు దాని మీద పనిచేశారు. 1992లో 'ఏరీస్' పేరుతో ఆ పద్ధతికి పూర్తి రూపం ఇచ్చిన వ్యాసంలో మొదటి పేరు సి. మోహన్. తమిళనాడు నుంచి మద్రాస్ ఐఐటీ మీదుగా ఐబీఎంకు వెళ్లిన మనిషి. బ్యాంకుల్లో మధ్యలో కరెంటు పోయినా మన జమా పోకుండా ఉండటం వెనక ఇలాంటి లాగ్‌ల పనితనమే ఉంది.

కొత్త తరీఖాతో ఫాయిదా చాలా ఉంది. ఒకరు రాస్తుంటే ఇంకొకరు చదవడానికి ఆగాల్సిన పని లేదు. ఫోన్ చురుగ్గా కదులుతుంది. కానీ ఒక్క ఫైలు అన్న పాత సుఖం పోయింది. యాప్ నడుస్తున్నప్పుడు మూడు ఫైళ్లు ఉంటాయి. అసలు పేరుతో ఒకటి, అదే పేరు చివర 'వాల్' తోకతో ఒకటి, 'ఎస్‌హెచ్‌ఎం' తోకతో ఒకటి. మూడోది ఒట్టి విషయసూచిక లాంటిది, పోయినా మళ్లీ తయారవుతుంది. రెండోది పోతే హిసాబ్ పోయినట్టే.

మరి చిట్టా ఎప్పుడు ఎక్కుతుంది? ఎస్‌క్యూలైట్ మామూలు లెక్క ప్రకారం పక్క ఫైలులో 1000 పేజీలు చేరినప్పుడు, లేదా డేటాబేస్‌ను తెరిచిన చివరివాడు దాన్ని సక్రమంగా మూసినప్పుడు. ఒక పేజీ ఇప్పుడు మామూలుగా 4096 బైట్లు, అంటే 1000 పేజీలు నాలుగు ఎంబీల దగ్గర. ఒక చందా పద్దు రాస్తే రెండు మూడు పేజీలు మారతాయనుకోండి. 30 పద్దులకు 90 పేజీలు కూడా దాటవు. ఇక యాప్ మూయడం అంటారా, ఫోన్‌లో యాప్‌లను మనం మర్యాదగా మూయం. వేలితో పక్కకు నెట్టేస్తాం, లేదా జాగా కోసం ఫోనే దాన్ని చంపేస్తుంది. పక్క ఫైలు అలాగే ఉండిపోతుంది. మళ్లీ తెరిస్తే ఇంజన్ రెండూ కలిపి చూపిస్తుంది కాబట్టి తెర మీద అంతా సరిగ్గానే కనిపిస్తుంది. ఆవర్జా ఎక్కలేదన్న సంగతి వాడేవాళ్లకు తెలిసే దారే ఉండదు. కొత్తగా మొదలుపెట్టిన యాప్‌లో అయితే అసలు ఫైలు ఒక్క పేజీతో దాదాపు ఖాళీగా ఉండి, హిసాబ్ అంతా పక్క ఫైలులోనే ఉండటం కూడా జరుగుతుంది.

చప్పుడు లేకుండా వచ్చిన మార్పు

ఆండ్రాయిడ్‌లో ఈ తరీఖాను 2011 నుంచి కావాలనుకున్నవాళ్లు వాడుకోగలిగారు. ఐఫోన్ వైపు 2013లో ఐఓఎస్ 7తో పాటు యాపిల్ వాళ్ల 'కోర్ డేటా' దీన్నే మామూలు పద్ధతి చేసింది. 2017లో గూగుల్ 'రూమ్' అనే పరికరం ఇచ్చింది, ఇప్పుడు ఆండ్రాయిడ్ యాప్‌లు ఎక్కువగా దానితోనే రాస్తారు. 2018లో వచ్చిన రూమ్ 1.1 చాలా ఫోన్లలో వాల్‌ను తానే ఆన్ చేయడం మొదలుపెట్టింది. అదే ఏడాది ఆండ్రాయిడ్ 9 కూడా, వేరే ఏదీ కోరుకోని యాప్‌లకు వాల్‌లోనే ఒక రకాన్ని మామూలు చేసింది.

ఇక్కడే అసలు ఫర్క్ పడింది. 'అసలు ఫైలును కాపీ చెయ్యి' అని పాత జమానాలో రాసిన ఎక్స్‌పోర్ట్ బటన్లు అలాగే ఉన్నాయి. ఒక్క అక్షరం మారలేదు. కింద నేల మారింది. బటన్ నొక్కితే ఫైలు వస్తూనే ఉంది, తెరుచుకుంటూనే ఉంది. ఎర్ర అక్షరాల్లో ఏ హెచ్చరికా రాదు. చివరి కొన్ని రోజులు మాత్రం ఉండవు. చెడిపోయిన ఫైలు తనంతట తానే చెబుతుంది, తెరుచుకోనని మొండికేస్తుంది. పాతబడిన ఫైలు ఏమీ చెప్పదు, నిండుగా ఉన్నట్టే నవ్వుతుంది.

ఒక ఖజాంచీ, పన్నెండు రోజులు

ఈ సంగతి నాకు కితాబుల్లో దొరకలేదు, మా మొహల్లాలోనే ఎదురైంది. పేర్లు రాయను. రమజాన్ చందా, ఫిత్రా లెక్కలకు అక్కడి కుర్రాడొకడు చిన్న యాప్ తయారుచేసి ఇచ్చాడు. ఖజాంచీ సాబ్ పెద్ద మనిషి, కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకుని ప్రతి పద్దూ తానే రాసేవారు. ఈద్ అయ్యాక కమిటీ మారింది. లెక్క అప్పజెప్పడానికి ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కి ఫైలు ఇచ్చారు. కొత్తవాళ్లు తెరిచి చూస్తే చివరి పన్నెండు రోజుల పద్దులు లేవు. ఫిత్రా ఎక్కువగా వచ్చేది ఆ రోజుల్లోనే.

"నేను ఇచ్చాను, రసీదు ఉంది, నా పేరేది?" అని ఒకరు అడిగారు. తర్వాత ఇంకొకరు. ముఖం మీద ఎవరూ ఏమీ అనలేదు. చాయ్ హోటల్ దగ్గర మాత్రం అన్నారు. ఖజాంచీ సాబ్ తన ఫోన్ తెరిచి చూపిస్తే అన్ని పద్దులూ ఉన్నాయి. అయినా శక్ పోలేదు. "ఫైలులో లేనివి ఫోన్‌లో ఎలా ఉంటాయి? రాత్రికి రాత్రి రాసి ఉంటారు" అన్నారు. ఆ జవాబు విని ఆయన కూర్చుండిపోయారు.

చివరికి తేల్చింది ఆ యాప్ రాసిన కుర్రాడే. రెండు రోజులు తల పట్టుకుని, వాల్ ఫైలు సంగతి కనిపెట్టాడు. ఫోన్‌లోని చిట్టాను ఎక్కించి, మళ్లీ నకలు తీసి, రసీదు పుస్తకం పక్కన పెట్టి అందరి ముందూ కలిపాడు. రూపాయి తేడా రాలేదు. జనం సలాం చెప్పి వెళ్లారు. ఖజాంచీ సాబ్ మాత్రం తర్వాత ఏ జవాబ్‌దారీ తీసుకోలేదు. అమానత్ మోసిన మనిషి మీద ఒక్కసారి తోహ్‌మత్ పడితే, అది తప్పని తేలినా గీత మిగులుతుంది. సూరా బఖరాలో, ఖుర్ఆన్ మొత్తంలోకి పొడవైన ఆయత్ అప్పు రాసుకోవడం గురించీ, గవాహీల గురించీ ఉండటం వెనక ఇలాంటి మనుషుల ఇజ్జత్ కూడా ఉందని నాకు అనిపిస్తుంది.

తాజా నకలు తీసే తరీఖా

యాప్‌లు రాసే పిల్లలు మన ఇళ్లలో ఇప్పుడు చాలామంది ఉన్నారు. ముందు వాళ్లకు రెండు మాటలు. ఉసూల్ పాతదే: ముందు చిట్టా ఎక్కించు, తర్వాత నకలు తియ్యి.

మొదటి దారి, డేటాబేస్‌కు 'వాల్ చెక్‌పాయింట్' హుకుం ఇవ్వడం, అందులోనూ 'ట్రంకేట్' రకం. అది పక్క ఫైలులోనివన్నీ అసలులోకి ఎక్కించి, పక్క ఫైలును ఖాళీ చేస్తుంది. హుకుం ఇచ్చి ఊరుకోకూడదు, జవాబు చదవాలి. జవాబులో మొదటి అంకె సున్నా అయితే పని ముకమ్మల్. ఒకటి అయితే ఎవరో ఇంకా చదువుతూనో రాస్తూనో ఉన్నారు, ఎక్కించడం పూర్తి కాలేదు. ఎక్కించడానికీ కాపీకీ మధ్య కొత్త పద్దు పడకుండా చూసుకోవాలి. లేకపోతే మళ్లీ మొదటికే.

రెండోది, డేటాబేస్‌ను సక్రమంగా మూసి కాపీ చేయడం. తెరిచినవాళ్లంతా మూస్తే ఇంజన్ తానే ఎక్కించి పక్క ఫైలు తీసేస్తుంది. మూడోది, 2019లో వచ్చిన 'వాక్యూమ్ ఇన్‌టూ' హుకుం. ఇది ఇంజన్ చేతనే కొత్త ఫైలులోకి నకలు రాయిస్తుంది. ఇంజన్ రెండు కితాబులూ కలిపే చదువుతుంది కాబట్టి నకలు తాజాగా ఉంటుంది, ఖాళీ జాగా లేకుండా చిన్నగానూ ఉంటుంది. పాత ఫోన్లలోని పాత ఎస్‌క్యూలైట్‌కు ఈ హుకుం తెలియదు, కాబట్టి అక్కడ మొదటి రెండు దారుల్లో ఒకటి పట్టాలి.

చేయకూడనివి కూడా ఉన్నాయి. యాప్ రాస్తూ ఉండగా మూడు ఫైళ్లనూ ఒకదాని తర్వాత ఒకటి కాపీ చేస్తే, ఒకటి నిన్నటిది, ఇంకొకటి ఇవాళ్టిది కావచ్చు. వాల్ ఫైలును చెత్త అనుకుని తుడిచేస్తే ఎక్కని పద్దులన్నీ దానితోపాటే పోతాయి. నకలును కొత్త ఫోన్‌లో పెట్టేటప్పుడు అక్కడ పాత వాల్, ఎస్‌హెచ్‌ఎం ఫైళ్లు పడి ఉంటే ముందు వాటిని తీసేయాలి. ఒకరి చిట్టా పక్కన ఇంకొకరి ఆవర్జా పెట్టడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి. 'ఇంటెగ్రిటీ చెక్' అని ఒక పరీక్ష ఉంది. నకలు ఫైలు లోపల ఏ పేజీ చెడిపోలేదని అది చెబుతుంది. దాన్ని చూసి చాలామంది నిబ్బరపడతారు. అది ఫైలు సిహ్హత్ గురించి చెప్పే మాట, తాజాదనం గురించి కాదు. నిన్నటి ఫైలు కూడా నిక్షేపంగా పాస్ అవుతుంది.

ఇక యాప్‌లు రాయని మనలాంటివాళ్ల సంగతి. ఫోన్ లోపల యాప్ హిసాబ్ ఉండే జాగాలోకి మనల్ని ఆండ్రాయిడ్ మామూలుగా పోనివ్వదు, కాబట్టి వాల్ ఫైలు మన కంటికి కనిపించదు. మన చేతిలో ఉన్నది ఎహ్‌తియాత్. ఎక్స్‌పోర్ట్ నొక్కే ముందు మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి: చివరి పద్దు ఎవరిది, మొత్తం పద్దులు ఎన్ని, మొత్తం రూపాయలు ఎంత. ఫైలు తీశాక దాన్ని వేరే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తెరిచి ఆ మూడూ కలపండి. అదే ఫోన్‌లో అదే యాప్‌లో చూస్తే లాభం లేదు, అక్కడ ఎలాగూ అన్నీ కనిపిస్తాయి. మూడూ కలిస్తేనే పాత ఫోన్ అమ్మండి, తుడవండి, ఇంకొకరికి ఇవ్వండి.

యాప్‌లో డేటాబేస్ ఫైలుతో పాటు పట్టిక రూపంలో, అంటే ఎక్సెల్‌లో తెరుచుకునేలా తీసే సౌకర్యం ఉంటే అది కూడా తీసుకోండి. పట్టిక తయారుచేసేటప్పుడు యాప్ మామూలుగా ఇంజన్‌ను అడిగే చదువుతుంది, కాబట్టి పక్క ఫైలులోనివీ వస్తాయి. రెండు నకళ్లు ఒకదానికొకటి గవాహీ అవుతాయి. ఫైలు పేరులో తారీఖు పెట్టండి. లెక్క తేలేదాకా కాగితం రసీదు పుస్తకం పారేయకండి.

ఒక ఎహ్‌తియాత్ పెద్దవాళ్లకు ముఖ్యంగా చెప్పాలి. ఆ ఫైలుకు మామూలుగా తాళం ఉండదు. ఎవరు ఎంత ఇచ్చారన్నదే కాదు, ఎవరి ఇంటికి రేషన్ పంపామో, ఏ విడో అమ్మకు నెలకు ఎంత ఇస్తున్నామో కూడా అందులో ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో పడేస్తే ఆ ఇంటి పర్దా మనమే తీసినట్టు. ఇవ్వాల్సిన ఒకరిద్దరికే చేతికివ్వండి.

చివరి మాట

ఈ ఫైలు రకానికి ఉమర్ చాలా ఉంది. కనీసం 2050 దాకా దీన్ని సంబాళిస్తామని ఎస్‌క్యూలైట్ రాసేవాళ్లు వాదా చేశారు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ డేటాను ఎక్కువకాలం దాచడానికి తగిన ఫైలు రకాల్లో దీన్ని కూడా చేర్చింది. అంటే ఇవాళ మనం తీసిపెట్టిన ఇంటి లెక్కను రేపు మన మనవలు కూడా తెరిచి చూడగలరు. దాదా ఎవరికి ఎంత ఇచ్చారు, ఎవరి దగ్గర తీసుకున్నారు, తిరిగి కట్టారా లేదా అని చదవగలరు.

అప్పుడు వాళ్లకు చెప్పడానికి మనం ఉండం, పక్కన చిట్టా కూడా ఉండదు. చేతిలో ఉన్న నకలు ఏం చెబితే అదే నిజం అనుకుంటారు. కట్టేసిన బాకీ చివరి రోజు పద్దులో ఉండి, ఆ పద్దు ఎక్కకుండా మిగిలిపోతే, మనం వాళ్ల కళ్లలో బాకీదారులుగానే ఉండిపోతాం. కాబట్టి ఫోన్ చేతులు మారే ముందు ఒక్క పది నిమిషాలు కూర్చుని చివరి పద్దు కలిపి చూసుకోండి.